ఆరో నెలలో హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది, బిడ్డకు అంటకుండా ఏం చేయాలి?

దేవరకొండ తమ్ముడు:
మా ఆవిడకు ఆరో నెల. మొన్న రక్త పరీక్షల్లో హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. జ్వరం లేదు, కళ్లు పచ్చబడలేదు, మంచిగానే తింటోంది. కానీ ఇంట్లో ఒకటే గొడవ. మా అమ్మ ఆమె కంచం, గ్లాసు వేరుగా పెట్టింది, తల్లిగారింటికి పంపెయ్ అంటోంది. ఊళ్లో ఒకాయన పసరు మందు పోయించమంటున్నాడు. ఇంకో బంధువు, ఇది ఎట్లా వచ్చిందో ఆమెనే అడుగు అని నా చెవిలో ఊదాడు. బిడ్డకు వస్తుందా? ఆపరేషనే చేయించాలా? పాలు ఇవ్వొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ:
తమ్ముడూ, ముందు ఆ కంచం, గ్లాసు అందరివాటితో కలిపెయ్యి. ఇది లివర్‌కు సోకే వైరస్, కలిసి తింటే అంటదు. పసరు జోలికి అసలు పోవద్దు, కడుపుతో ఉన్న మనిషి. బిడ్డకు సోకేది ఎక్కువగా కాన్పు సమయంలోనే, అట్లా సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లో ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ చెడిపోవచ్చు, క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకే పుట్టిన 24 గంటల్లోపు టీకా మొదటి డోసు పడాలి, వీలైతే 12 గంటల్లోపే, దాంతోపాటు రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు. టీకా దొరుకుతుంది గానీ ఈ ఇంజెక్షన్ అన్ని చోట్లా ఉండదు, అర్ధరాత్రి కాన్పు అయ్యాక మెడికల్ షాపుల చుట్టూ తిరిగితే లాభం లేదు. కాన్పు ఎక్కడో ఇప్పుడే తేల్చుకుని, అక్కడ ఉందో లేదో అడుగు.

రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష కూడా చేయించు. అది మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర రాస్తారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితమే, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడు. దీనికోసమే ఆపరేషన్ అక్కర్లేదు. పాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

పాలమూరు అక్క:
నాకూ ఇట్లనే వచ్చింది, ఆ 'ఎట్లా వచ్చింది' అనే మాట జబ్బుకంటే ఎక్కువ ఏడిపించింది. ఎట్లైనా వచ్చి ఉండొచ్చు తమ్ముడూ. చిన్నప్పుడు ఒకే సూదితో పదిమందికి పొడిచిన ఇంజెక్షన్లు, పచ్చబొట్టు, ముక్కు కుట్టించడం, పన్ను పీకించడం, రక్తం ఎక్కించడం, లేదంటే ఆమె పుట్టినప్పుడే వాళ్లమ్మ నుంచి. ఈ టీకా దేశమంతా పిల్లలకు అందింది 2011 నాటికి, ఇప్పుడు తల్లులవుతున్న మన ఆడపిల్లల్లో చాలామందికి పసితనంలో అది పడలేదు. భర్త నుంచి కూడా రావచ్చు, కాబట్టి ఆమెను అడిగేముందు నువ్వు పరీక్ష చేయించుకో. నెగటివ్ వస్తే మూడు డోసుల టీకా వేయించుకో.

ఇంకోటి, కాన్పు ఫైలు అట్ట మీదే హెపటైటిస్ బి అని పెద్దక్షరాలతో రాయించు. నొప్పులతో వెళ్లేసరికి డ్యూటీలో వేరేవాళ్లు ఉంటారు, లోపలి కాగితాలు తిరగేసే తీరిక వాళ్లకు ఉండదు.

దేవరకొండ తమ్ముడు:
థాంక్స్ అక్కా. రేపే నా పరీక్షకు పోతున్నా. పుట్టగానే వేసే ఆ రెండింటితో అయిపోయినట్టేనా?

స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ:
కాదు. 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకా వేస్తారు, అందులో ఈ టీకా కూడా ఉంటుంది, ఒక్కటీ తప్పొద్దు. తొమ్మిది నెలలు నిండాక బిడ్డకు రక్త పరీక్ష చేయిస్తేనే అంటలేదని తేలుతుంది. కాన్పు అయ్యాక మీ ఆవిడను కూడా మర్చిపోవద్దు, ఆమె లివర్‌ను డాక్టర్ చెప్పినట్టు ఎప్పటికప్పుడు చూపించుకుంటూనే ఉండాలి.