అప్‌డేట్: కంపెనీ అమ్మేసి ఇంట్లో కూర్చున్నది నేనే

30 ఏళ్లు నడిపిన కంపెనీ అమ్మేశాక ఇంట్లో నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. "సలహాలు మానెయ్, ముందు విను" అన్నారు చాలామంది. రోషమొచ్చింది. అయినా మానేశాను.

మొన్న పాత డైరీలు తీశాను. అబ్బాయి పదో పుట్టినరోజు పేజీలో మూడు మీటింగులు, వర్కింగ్ క్యాపిటల్ లోన్ (కంపెనీ రోజువారీ ఖర్చులకి తీసుకునే అప్పు) రెన్యువల్ ఉన్నాయి. వాడి ఊసే లేదు. ఆ పేజీ వాడికే చూపించాను. చాలాసేపు చూసి, "ఒకటో తారీఖుకి అందరికీ జీతాలు పడాలని నువ్వు పడ్డ టెన్షన్ నాకు తెలుసు నాన్నా. కానీ స్కూల్ గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడింది నేను" అన్నాడు. ఏం చెప్పను?

మా ఆవిడ మాత్రం ఇంకా కరగలేదు. వంటింటి డబ్బాలకి లేబుళ్లు అంటించానని (పాత ఫ్యాక్టరీ బుద్ధి!) రెండ్రోజులు మాట్లాడలేదు. అన్నీ పీకేశాను. సాయంత్రం నడకకి మాత్రం పిలవకుండానే చెప్పులు వేసుకుంటోంది.