అప్‌డేట్: ట్రామ్ ఎక్కితే ప్లేయర్లు వణకడం – సరిపోయింది

పోయిన నెల నేను అడిగింది ఇదీ: తిరుపతిలో ముగ్గురం కలిసి చేస్తున్న మల్టీప్లేయర్ స్పేస్ గేమ్‌లో స్టేషన్ల మధ్య తిరిగే ట్రామ్ ఎక్కగానే ప్లేయర్లు వణికేవాళ్లు, ఒక్కోసారి నేలలోంచి కిందికి జారిపోయేవాళ్లు. ట్రామ్ సిస్టమ్ మొత్తం తిరగరాశాం, ఇప్పుడు బాగుంది. సలహాలిచ్చిన అన్నలకూ అక్కలకూ చాలా థ్యాంక్స్.

పని చేసింది ప్లేయర్ స్థానాన్ని ట్రామ్ నుంచే కొలవమన్న సలహా. అలిపిరి దాటి ఘాట్ రోడ్డులో బస్సు ఎన్ని మలుపులు తిరిగినా మన సీటు బస్సులో అక్కడే ఉంటుంది కదా, అట్లా. మా స్టేషన్ మూలబిందువుకు (గేమ్‌లో దూరాలన్నీ కొలిచే సున్నా చోటుకు) 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత దూరాన్ని 32 బిట్ల ఫ్లోట్‌లో (కొన్ని అంకెలే పట్టే దశాంశ సంఖ్యలో) మీటర్లలో రాస్తే పక్కపక్క విలువల మధ్యే 6.25 సెంటీమీటర్ల ఎడం వస్తుంది. వణుకు దాందే. నేలలోంచి జారడం మాత్రం సర్వర్ (ఆట నడిపే మెయిన్ మెషీన్) లెక్కలో ట్రామ్ ఒకచోట, క్లయింట్ (ప్లేయర్ మెషీన్) లెక్కలో ఇంకోచోట ఉండటం వల్ల. ఇప్పుడు ట్రామ్ స్థానం పంపడమే లేదు. బయల్దేరిన సర్వర్ టైమ్ ఒక్కటి పంపితే పట్టాల మీద అది ఎక్కడుందో ప్రతి మెషీనూ తానే లెక్కేసుకుంటుంది.

వణుకుకూ పింగ్‌కూ (నెట్‌లో సమాచారం వెళ్లిరావడానికి పట్టే టైమ్‌కూ) సంబంధం లేదు, ఒకే గదిలో లాన్ (లోకల్ నెట్‌వర్క్) మీద ఆడినా వణికింది. టిక్ రేట్ (సర్వర్ సెకనుకు ఎన్నిసార్లు లెక్కేస్తుందో ఆ సంఖ్య) 20 నుంచి 60 చేసినా మారలేదు.

దిగేటప్పుడు ట్రామ్ వేగాన్ని ప్లేయర్ వేగానికి కలపడం మరవొద్దు. మేం మరిస్తే, దూకినవాళ్లు దూకినచోటే ఠక్కున ఆగిపోయారు. అది పట్టుకోడానికి రెండు రాత్రులు పట్టింది.