ట్వికెల్ ఎస్టేట్ చూసొచ్చిన, అంత జాగ పంపకాలు కాకుండ ఎట్ల ఉన్నది?

హన్మకొండ పోరడు:
మా అక్కోళ్లు నెదర్లాండ్స్‌ల ఉంటరు, మొన్న పోయినప్పుడు డెల్డెన్ అనే చిన్న ఊరి పక్కన ట్వికెల్ కోటకు తీస్కపోయిండ్రు. సుట్టు నీళ్ల కందకం, తోట, అది దాటితే ఎంతసేపు సైకిల్ తొక్కినా అడవి, పొలాలు, రైతుల ఇండ్లు. ఆ ఇండ్ల కిటికీ తలుపుల మీద నలుపు తెలుపుల డమరుకం లెక్క ఒకటే గుర్తు, అది కనపడ్డదంటే ట్వికెల్ ఇల్లే అని బావ చెప్పిండు. నాకైతే మా ఊరి దొరల గడి యాదికొచ్చి పాణం ఉసూరుమన్నది. నగిషీ దర్వాజలు ఎవరో పీక్కపోయిండ్రు, గోడలల్ల రావిచెట్లు మొలిచినయ్. వాళ్లది ఎట్ల నిలబడ్డది, వారసులు పంచుకోలేదా?

కాజీపేట జంక్షన్:
అన్నా నేను ఎన్‌స్కెడేల చదివిన, డెల్డెన్ అక్కడికి దగ్గర్నే. 1347ల హెర్మన్ ఫాన్ ట్వికెలో ఆ జాగ కొన్నడు, తర్వాత పెండ్లిళ్లతోని వేరే ఇంటిపేర్లోళ్ల చేతికి పోయింది. ఆఖరి బారోనెస్‌కు, అంటే ఆ ఎస్టేట్ దొరసానికి, పిల్లల్లేరు, ఆమె 1953ల ఆస్తిని ట్రస్టు కింద పెట్టింది, 1975ల చనిపోయింది. ఇప్పుడు 4 వేల హెక్టార్ల పైన్నే ఉన్నది, మన లెక్కల 10 వేల ఎకరాలు. పొలాలు కౌలుకిస్తరు, ఇండ్లకు కిరాయిలొస్తయ్, కట్టె అమ్ముతరు, ఆ పైసలే మళ్ల కోటకు తోటకు పెడ్తరు. ఉట్టి కోటనే ఉంచుకొని భూములు అమ్ముకుంటే కప్పు రిపేర్‌కే దివాలా తీస్తుండె.

లెక్కల సారు:
ఇంకోటి, అక్కడ 1928 సంది ఎస్టేట్లను కాపాడే చట్టం ఉన్నది. చెట్లు నరక్కుండ, ముక్కలు చెయ్యకుండ 25 ఏండ్లు ఉంచితే వారసత్వ పన్ను తగ్గిస్తరు, జనాన్ని లోపల తిరగనిస్తే ఇంకా ఎక్కువ మాఫీ. చాన ఎస్టేట్ల గేట్లు తెరిచి ఉండుడు వెనుక ఇది గూడ ఒక కారణం.

జనగామ నర్సన్న:
తమ్మీ, గడి అంటే మాకు వెట్టి యాదికొస్తది. మా తాత దాని ముందట చెప్పులు చేతిల పట్టుకొని నడిచిండు. అయినా కూలిపోవాలె అనను, ఆ గోడలుంటేనే గదా మనుమలకు చూపెట్టి చెప్పేది. కామారెడ్డి దిక్కు దోమకొండ కోటను వారసులే బాగుచేయించిండ్రు, 2022ల యునెస్కో అవార్డు వచ్చింది, ఒకసారి పోయి చూడు.

హన్మకొండ పోరడు:
నర్సన్న మామా, మీ తాత సంగతి చదివి చాన సేపు అట్లనే కూసున్న. మావోళ్ల వెట్టి ముచ్చట్లు నాకు ఎవ్వరు చెప్పలే, నేను అడగలే. ఆదివారం ఊరికి పోతున్న, ముందుగాల మా నాయినమ్మతోని కూసుంట, తర్వాత గడి వారసుల నంబర్ దొరకవడ్త.