హన్మకొండ ఒక్కరోజు ట్రిప్: నిట్, భద్రకాళి, కోట... రామప్ప కూడా కుదురుతుందా?

బోడుప్పల్ ఇంటావిడ:
అందరికీ నమస్తే అండి. ఈ నెలాఖరు ఆదివారం పిల్లల్ని తీసుకుని హన్మకొండ వెళ్లొద్దామనుకుంటున్నాం, పొద్దున బయల్దేరి రాత్రికి ఇంట్లో ఉండాలి, సోమవారం మా ఆయనకి ఆఫీసు పిల్లలకి కాలేజీ స్కూలు అన్నీ ఉన్నాయి. మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, వాడికి నిట్ క్యాంపస్ చూడాలని ఒకటే గోల, చూశాకైనా కుదురుగా కూర్చుని చదువుతాడేమోనని నా ఆశ 😀 పాప ఏడో తరగతి, దానికి వరంగల్ కోట కావాలి. మా అత్తయ్యకి భద్రకాళి అమ్మవారి దర్శనం, కానీ మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయపడతారు. ఇక మా ఆయనేమో అంత దూరం వెళ్లి రామప్ప గుడి చూడకుండా వస్తామా, పక్కనే లక్నవరం చెరువు కూడా ఉంది, అన్నీ కొట్టేద్దాం అంటున్నారు. ఫోన్లో మ్యాప్ తీసి మరీ చూపిస్తున్నారు. ఇదంతా ఒక్కరోజులో అయ్యే పనేనా? కారు ఉంది, కానీ అత్తయ్యకి రైలు అయితే సుఖమేమో అని కూడా ఆలోచన. అక్కడివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కాజీపేట జంక్షన్:
అక్కా ముందుగాల మీ సారుకు చెప్పుండ్రి, మ్యాప్ల అన్నీ పక్కపక్కనే ఉంటయ్. హన్మకొండ నుంచి రామప్ప పోవుడే డెబ్బై కిలోమీటర్ల దాక ఉంటది, గంటన్నర పడ్తది, ఆడికెళ్లి లక్నవరం మళ్ల ఇంకో ముప్పై. పొయ్యి రావుడు లెక్కేస్తే మీ రోజంత కార్లనే అయిపోతది, అత్తమ్మ మోకాళ్లు ఆడనే పట్టేస్తయ్. ఒక్కరోజంటె ట్రైసిటీ ఒక్కటే పెట్టుకోండి, కాజీపేట హన్మకొండ వరంగల్ మూడు కల్సే ఉంటయ్, గదే సరిపోదు నన్నడిగితే.

రైలు గురించి అడిగిండ్రు గదా, సికింద్రాబాద్ల ఎక్కితే రెండు గంటలల్ల కాజీపేట. నిట్‌కు కాజీపేట స్టేషనే దగ్గర, కోటకేమో వరంగల్ స్టేషన్ దగ్గర, అది చూస్కొని దిగాలె. కానీ ఐదుగురు ఉన్నరు, దిగినంక ప్రతి జాగకు ఆటో మాట్లాడుకునుడు పరేషాన్. పైగా మీరుండేది బోడుప్పల్, సికింద్రాబాద్ దాక వెనకకు పోవుడెందుకు, కార్లనే రాండ్రి. పొద్దున ఆరింటికల్ల ఘట్‌కేసర్ దాటితే భువనగిరి, ఆలేరు, జనగామ, ఘన్‌పూర్... హైవే మంచిగుంటది, టోల్‌గేట్లు రెండొస్తయ్. ఆలస్యంగ ఎల్లితే ఉప్పల్ - నారపల్లి మధ్యల్నే సగం ఓపిక పోతది, అది మీకు నేను చెప్పాల్నా.

ఆర్ఈసీ పాతకాపు:
అమ్మా, నేను నిట్‌లో చదివే రోజుల్లో అది ఆర్ఈసీ (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ), నిట్ అని పేరు మారింది 2002లో. 1959లో నెహ్రూ గారు వచ్చి శంకుస్థాపన చేసిన కాలేజీ, దేశంలో ఆర్ఈసీలన్నిటిలో మొదటిది ఇదే. మీ అబ్బాయికి చూడాలని ఉండటం మంచిదే గానీ ఒక సంగతి ముందే చెప్తాను, అది పార్కు కాదు, గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరు ఏం పని అని అడుగుతారు, ఊరికే చూడ్డానికొచ్చాం అంటే లోపలికి పంపుతారని నమ్మకం పెట్టుకోవద్దు. మీ చుట్టాల్లోనో అపార్ట్‌మెంట్లోనో అక్కడ చదివే పిల్లలు ఎవరో ఒకరు దొరక్కపోరు (మన తెలుగిళ్లల్లో దొరక్కపోవటమే విచిత్రం), ఆ కుర్రాడితో ముందే ఫోన్లో మాట్లాడి, అతను గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్లేలా చూసుకోండి. ఇంట్లో వాళ్లందరూ వెళ్లక్కర్లేదు, అబ్బాయిని ఒక్కణ్ణే గంటసేపు వాళ్లతో వదిలేయండి. బిల్డింగులు చూస్తే ఏముంది, ఆ పిల్లలతో మెస్‌లో కూర్చుని ఏ బ్రాంచి, ఎంత ర్యాంకు, సెమిస్టర్లు ఎలా ఉంటాయి అని మాట్లాడితే వాడికే తెలుస్తుంది. అమ్మానాన్న పక్కన ఉంటే వాళ్లూ నోరు విప్పరు, వీడూ అడగడు.

మెడిసిన్ పిల్లలకి కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ 1959లో పెట్టిందే, కాకతీయ యూనివర్సిటీ 1976. అందుకే ఊళ్లో ఎటు చూసినా హాస్టళ్లూ జిరాక్స్ షాపులూ. నయీంనగర్ వైపు వెళ్తే జూనియర్ కాలేజీల బోర్డులు చూసి మీవాడికి చదువు మీద విరక్తి పుట్టొచ్చు, అటు మాత్రం తీసుకెళ్లకండి.

శిల్పాల పిచ్చోడు:
నేను వేరేలా చెప్తా, కోపం రావొద్దు. రామప్ప వదిలేయమనటం నాకు నచ్చలా. 1213 నాటి గుడి అది, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో వాళ్లు వారసత్వ కట్టడం అని గుర్తించారు, తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం. పునాది కింద ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు, శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది, మీ ఎంపీసీ కుర్రాడికి ఇంతకంటే మంచి ఫిజిక్స్ క్లాసు ఎక్కడ దొరుకుతుంది? బయట స్తంభాలకి ఏటవాలుగా నిలబెట్టిన మదనికల (అందమైన ఆడవాళ్ల) బొమ్మలు నల్లరాయి, నగల మీద గీతలు కూడా కనపడతాయి. నన్నడిగితే హన్మకొండలోకి రాకుండా బైపాస్ పట్టుకుని ములుగు రోడ్డు ఎక్కేయండి, తిన్నగా రామప్ప చూసుకుని, తిరిగొచ్చేటప్పుడు భద్రకాళి. కోట ఎటూ శిథిలాలే కదా. లక్నవరం అయితే నేనూ వద్దనే అంటా.

కాజీపేట జంక్షన్:
కోట శిథిలాలే అంటవేందన్నా, రాష్ట్ర రాజముద్ర మీద చార్మినార్‌తోని ఉన్న తోరణం ఏడికెళ్లి వచ్చింది? అయినా పాప కోట అడిగింది, పిలగాడు నిట్ అడిగిండు, రామప్ప అడిగింది సారు ఒక్కరే.

బోడుప్పల్ ఇంటావిడ:
హహ నిజమే, మెజారిటీ మాదే. పాతకాపు గారూ చాలా థాంక్స్ అండి, మా ఆడపడుచు వాళ్ల పక్కింటబ్బాయి అక్కడే ఈసీఈ చదువుతున్నాడని ఇందాకే తెలిసింది, మాట్లాడతాం. అయితే ఏది ముందు ఏది తర్వాత పెట్టుకోవాలి? అత్తయ్య దర్శనం అయ్యేదాకా ఏమీ తినరు, అది ఒకటుంది. భోజనానికి ఎక్కడ ఆగాలి?

కాజీపేట జంక్షన్:
అయితే ఇట్ల చేయుండ్రి. మీరొచ్చే దారిల ముందు కాజీపేట, తర్వాత నిట్ తాకుతది, పిలగాన్ని ఆ ఈసీఈ తమ్మునికి అప్పజెప్పి మీరు సీదా భద్రకాళికి పోండి. అత్తమ్మ తినకుండ ఉంటది గాబట్టి అదే ముందు, పైగా మధ్యాహ్నం గుడి మూస్తరు, ఆదివారం లైన్ ఉంటది, పదింటి లోపల్నే పడాలె. మెట్లు శానేం లేవు, చెయ్యి పట్టుకొని ఎక్కియ్యొచ్చు. దర్శనమైనంక చెరువు దిక్కు కాసేపు కూసోబెట్టుండ్రి.

ఆడికెళ్లి వేయిస్తంభాల గుడి దగ్గర్నే. ఒక్కటి యాదుంచుకోండి, చెప్పులు బయటనే ఇడ్వాలె, పన్నెండు దాటితే ఆ బండలు కాలి సుర్రుమంటయ్. సాక్సులు తెచ్చుకోండి. 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిండు, శివుడు విష్ణువు సూర్యుడు ముగ్గురికి మూడు గుళ్లు. ఎదురుంగ కల్యాణమండపం ఏండ్లకేండ్లు ఇప్పదీసి రాళ్లకు నంబర్లేసి పెట్టిండ్రు, మా చిన్నప్పటి సంది చూస్తున్నం ఎప్పుడైతదా అని, చివరికి 2024 శివరాత్రికి తెరిచిండ్రు. నల్లరాతి నంది దగ్గర పిల్లలకు ఫొటో తీయకుండ రాకండి.

తిండికి పేర్లు చెప్ప గానీ హన్మకొండ చౌరస్తా, నక్కలగుట్ట దిక్కు హోటళ్లకు కొదవ లేదు. పిలగాన్ని అప్పుడే పిలిపించుకోండి. సర్వపిండి దొరికితె అసలు ఇడ్సొద్దు.

కోట మాత్రం నాలుగింటికి. ఎండ తగ్గుతది, రాయి రంగు కూడ మారి మంచిగ కనపడ్తది. పాపకు ముందే చెప్పుండ్రి, కోటంటే గోల్కొండ లెక్క గుట్ట మీద ఉండదు, మట్టిగోడ దాటి రాతిగోడ దాటి లోపలికి పోతే ఊరే ఉంటది, ఇండ్లు పొలాలు బర్రెలు అన్నీ. నడిమిట్ల నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, మధ్యల ఉన్న స్వయంభూ శివాలయం 1323ల ఢిల్లీ సైన్యం వచ్చినప్పుడు కూలగొట్టింది, ఆ ముక్కలన్నీ పరిచిపెట్టి ఉంటయ్. అంత సాపు జాగ, అత్తమ్మ ఆడ నీడకు కూసోవచ్చు. ఖుష్‌మహల్ మెట్లు పిల్లలే ఎక్కుతరు. ఏకశిల గుట్ట వద్దు, ఓపిక ఉండదు.

శిల్పాల పిచ్చోడు:
సరే ఒప్పుకున్నా. కానీ తోరణాల దగ్గర రాలిపడ్డ ముక్కల్ని ఊరికే దాటేయకండి, హంసల వరసలు, గొలుసులు చెక్కినవి కింద పడున్నాయి, పైన ఉంటే అంత దగ్గరగా ఎవరూ చూడలేరు. పాపతో ఒక నోట్‌బుక్, పెన్సిల్ పంపండి.

ఆర్ఈసీ పాతకాపు:
తిరుగు ప్రయాణంలో జనగామ దాటే ముందూ తర్వాతా అని వెతక్కుండా పెంబర్తి బోర్డు చూసి ఆగండి, ఇత్తడి పని చేసేవాళ్ల ఊరు, మీ అత్తగారికి దీపపు కుందో చిన్న గంటో నచ్చుతుంది. చీకటి పడితే షాపులు ఉంటాయో లేదో కాబట్టి వెళ్లేటప్పుడే ఆగినా పర్లేదు, కాకపోతే అప్పుడు భద్రకాళి లైను ఆలస్యం అవుతుంది, మీ ఇష్టం.

బోడుప్పల్ ఇంటావిడ:
ఇత్తడి అనగానే అత్తయ్య చెవిన పడింది, ఇప్పుడు మోకాళ్లు అంత నొప్పి లేవంటున్నారు 😀 కాబట్టి కోట దగ్గర ఐదున్నరకల్లా లేచేస్తాం. రామప్పకి దసరా సెలవుల్లో ఒక రాత్రి అక్కడే ఉండేలా వెళ్దామని మా ఆయన్ని ఒప్పించాను, లక్నవరం పేరు కూడా దాంట్లో కలిపాకే ఊరుకున్నారు.