ఆడతీరు నుదుటి కోసం నెత్తి కోత మేలా, వెంట్రుకలు నాటించుకోవడం మేలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నేను ట్రాన్స్ మహిళను, నా వయసు 29. హార్మోన్లు మొదలుపెట్టి రెండేళ్లు దాటింది, జుట్టు రాలడం ఆగింది. కనుబొమల నడిమి నుంచి జుట్టు అంచు వరకు 7.5 సెంటీమీటర్లు ఉంది, రెండు కణతల దగ్గరా జుట్టు లోపలికి పోయింది. నెత్తి చర్మాన్ని ముందుకు జరిపే శస్త్రచికిత్స చేయించుకోవాలో, వెంట్రుకలు నాటించుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.

నిర్మలాకాశం:
చెల్లీ, నేను శస్త్రచికిత్సే చేయించుకున్నాను. జుట్టు అంచు వెంబడి కోసి, నెత్తి చర్మాన్ని లోపలి నుంచి వదులు చేసి ముందుకు లాగి, మిగిలిన నుదుటి చర్మాన్ని తీసేసి కుడతారు. చర్మం బాగా సాగేవారికి ఒక్క పూటలో సుమారు 2 సెంటీమీటర్లు దిగుతుంది. కనుబొమల పైని ఎముకను చెక్కించుకోవాలంటే ఆ పని కూడా అదే కోతలోంచి అయిపోతుంది. ముందుకు వచ్చేది మీ సొంత ఒత్తు జుట్టే కనుక పలుచదనం ఉండదు. అదే నాటించుకుంటే, నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లోనే రాలిపోయి, మూడు నాలుగు నెలలకు తిరిగి మొలిచి, పూర్తి రూపానికి రావడానికి ఏడాది పడుతుంది.

మల్లెపందిరి:
మచ్చ సంగతి ఎందుకు దాటవేశారు? నాకూ అదే కోత పెట్టారు. నూనె రాసి జడ బిగించి వేసుకున్నానంటే, నుదుటి మీద తెల్లదారం అతికించినట్టు ఆ గీత పైకి తేలుతుంది. మా అక్క కూతురి ఓణీల వేడుకలో నా తలలో పూలు పెట్టబోయిన పిన్ని, ఆ గీతను వేలితో తడిమి, తలకు దెబ్బ తగిలిందా అని నలుగురిలో అడిగింది. పైగా ఆ కోత నడిమి భాగాన్ని దించుతుందే తప్ప కణతలను నింపదు. వాటి కోసం చివరికి నేను గ్రాఫ్టులు, అంటే తల వెనుక నుంచి తీసిన వెంట్రుకల కుదుళ్లు, పెట్టించుకోవలసే వచ్చింది.

నిర్మలాకాశం:
కోతను ఏటవాలుగా పెడితే అంచు కుదుళ్లు కింద మిగిలి, మచ్చలోంచే వెంట్రుకలు పైకి వస్తాయి. నా మచ్చను మా ఇంట్లోవాళ్లే పోల్చుకోలేరు. మీ విషయంలో తప్పు చేసిన చేతిది, పద్ధతిది కాదు.

కాకతీయ:
ఏది చేయించుకున్నా జుట్టు రాలకుండా ఆపే మందులు మానకూడదు. వెనుక జుట్టు మళ్లీ పలచబడితే కోత మచ్చ బయటపడుతుంది, నాటిన వరుస ఒంటరిగా మిగులుతుంది.

మల్లెపందిరి:
తప్పు చేతిదే అనుకుందాం. మా అమ్మ నా పేరున తిరుమలకు తలనీలాలు మొక్కుకుంది. గుండు చేయించుకుంటే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఆ గీతే కనిపిస్తుందని నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నాను.

నిర్మలాకాశం:
గుండు మాటకొస్తే, నాటు కోసం వెంట్రుకలు తీసిన చోట తల వెనుక తెల్లటి చుక్కలు మిగులుతాయి. ఆ మాట మీరెందుకు చెప్పలేదు?

సంధ్యాదీపం:
అడిగినామె మొక్కు గురించి అడగలేదు, కణతల గురించి అడిగింది.

మల్లెపందిరి:
నాటితే కణతలు గుండ్రంగా నిండుతాయి, ముందు వరుసలో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులు పెడితే అంచు మెత్తగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 40 గ్రాఫ్టుల చొప్పున లెక్కవేస్తే, ఆమె అవసరం తల వెనుక నుంచి తీరిపోతుంది. తొందర ఎందుకని అడుగుతున్నాను. ఎముక పని కూడా కలిపి చేయించుకునే స్తోమత మీకుంది, అందుకే ఒక్క పూట అన్న మాట మీకు తేలికగా వస్తోంది.

నిర్మలాకాశం:
స్తోమత మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. అమ్మ మంచం పట్టేనాటికి నాకు 44 ఏళ్లు, ఆమెకు మిగిలినవి నెలలే. ఆమె ముందు ఈ నుదుటితో కూర్చోవాలనుకున్నాను, కూర్చున్నాను. ఏడాది ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మల్లెపందిరి:
అక్కా, ఆ సంగతి నాకు తెలియదు, స్తోమత అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నాకు ఆ ఎంపికే ఇవ్వలేదు. నాటు అనే దారి ఉందని శస్త్రచికిత్సకు ముందు ఒక్కరూ చెప్పలేదు. కుట్లు విప్పిన రోజు అడిగితే, మీరు అడగలేదు కదా అన్నారు. నా కోపం మచ్చ మీద కంటే ఆ మాట మీదే ఎక్కువ.

నిర్మలాకాశం:
అది అన్యాయమే. అయినా ఆమెకు శస్త్రచికిత్స పనికిరాదని మాత్రం నేను ఒప్పుకోను.

గోదారిగట్టు:
మీ ఇద్దరి మాటలు చదివాక అద్దం ముందు నిలబడి, నెత్తి చర్మాన్ని వేళ్లతో ముందుకు జరిపి చూసుకున్నాను. అర సెంటీమీటరు కూడా కదలడం లేదు.

నిర్మలాకాశం:
చర్మం కింద బెలూను వంటి సంచి పెట్టి, కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా ఉబ్బించి సాగదీసే మార్గం ఉంది, చెల్లీ.

గోదారిగట్టు:
అక్కా, నేను రోజూ బట్టల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడాలి. ఆ వారాలు తల ఉబ్బుతో అక్కడ నిలబడలేను. తల వెనుక ఎన్ని గ్రాఫ్టులు దొరుకుతాయో ముందు లెక్కపెట్టించుకుంటాను.