బోన్ స్కాన్‌లో నల్లగా కనిపించినదంతా జబ్బేనా? వయసును బట్టి, ఆడ మగ తేడాను బట్టి ఎలా చూస్తారు?

ప్రశ్న (హనుమకొండ నుంచి):

మా అమ్మకు 64 ఏళ్లు. మెట్‌పల్లిలో ఉన్నన్నాళ్లు, ముప్పై ఏళ్లకు పైగా, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు నడుము నొప్పి తగ్గడం లేదని చెబితే డాక్టరు గారు బోన్ స్కాన్ రాశారు. హైదరాబాద్ తీసుకెళ్లి చేయించాము. ఫిల్ములో రెండు మోకాళ్లు, కుడి చేతి బొటనవేలి మొదలు, నుదుటి ఎముక నల్లగా కనిపిస్తున్నాయి. రిపోర్టులో మాత్రం 'వయసుకు తగిన మార్పులు' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మూడేళ్ల కిందట మా అక్క కొడుకుకు, వాడికి అప్పుడు 12 ఏళ్లు, కాలి నొప్పికి ఇదే స్కాన్ తీస్తే వాడి మోకాళ్లు అమ్మ మోకాళ్లకన్నా ఎంతో ముదురుగా ఉన్నాయి. అదీ నార్మలే అన్నారు. అదే నలుపును ఇద్దరిలో రెండు రకాలుగా ఎలా చదువుతారో తెలిసినవారు వివరించగలరా? అమ్మ అడిగిన ప్రతిసారీ నా దగ్గర జవాబు ఉండడం లేదు.

జవాబు 1 (బోన్ స్కాన్ ఫొటోలు తీసే గామా కెమెరా టెక్నాలజిస్టు):

అమ్మా, ఈ స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు క్యాన్సర్‌ను వెతుక్కుంటూ పోదు. ఎక్కడ రక్తం బాగా పారుతూ కొత్త ఎముక తయారవుతుంటే అక్కడ ఎక్కువగా అంటుకుంటుంది. మిగిలినది మూత్రంలో బయటికి పోవాలనే మేము రెండు నుంచి నాలుగు గంటలు ఆగి, నీళ్లు బాగా తాగించి ఫొటో తీస్తాము. 12 ఏళ్ల పిల్లవాడి ఎముక పొడవు పెరిగేది మోకాలికి పైనా కిందా ఉండే గ్రోత్ ప్లేట్ల దగ్గరే కాబట్టి అక్కడ నల్లటి చార పడకపోతేనే అనుమానించాలి. ఆడపిల్లల్లో ఈ ప్లేట్లు మగపిల్లలకన్నా సుమారు రెండేళ్లు ముందుగా మూసుకుపోతాయి; అందువల్ల 15 ఏళ్ల అమ్మాయిలో ఆ చార మసకబారి, అదే వయసు అబ్బాయిలో ఇంకా ముదురుగా ఉంటే రెండూ సహజమే. పిల్లల స్కాన్‌లో ముఖ్యంగా చూడవలసింది నలుపు ఎంతని కాదు, చార అంచు నిక్కచ్చిగా ఉందా, కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా అని. పాదం కొంచెం పక్కకు వాలినా ఒక మోకాలు వేరుగా కనిపిస్తుంది కనుక, రెండు కాళ్ల బొటనవేళ్లను కలిపి ప్లాస్టర్ చుట్టి పడుకోబెడతాము.

జవాబు 2 (కరీంనగర్, ఎముకల డాక్టరు):

మీ అమ్మగారి విషయానికి వస్తాను. యాభై దాటిన తర్వాత మోకాళ్లు, భుజాలు, వెన్నుపూసల వెనుక కీళ్లు అరుగుతాయి. అరిగిన చోట ఎముక తనను తాను సరిచేసుకుంటుంది కనుక మందు అక్కడ నిలుస్తుంది. ముప్పై ఏళ్లు తునికాకును ఒత్తి చుట్టిన బొటనవేలి మొదట్లో కీలు అరిగి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ పని సంగతి స్కాన్ చీటీలో రాసి ఉంటే రిపోర్టు రాసేవారికి ఎంతో మేలు జరిగేది. ముట్లుడిగిన స్త్రీలలో నుదుటి ఎముక లోపలి వైపు రెండు పక్కలా సమానంగా దళసరి కావడం మామూలుగా చూస్తుంటాము, దానివల్ల హాని లేదు, మగవారిలో ఇది అరుదు. అయితే రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్నందువల్ల ఒక పక్కనే ఉన్న మచ్చ అయితే సీటీ తీయించకుండా వదలకూడదు. నడుము నొప్పి అంటున్నారు కనుక త్రికాస్థిని (వెన్నెముక కింది భాగంలో, కటి ఎముకల మధ్య ఉండే ఎముకను) కూడా చూపించమని అడగండి: ఎముకలు గుల్లబారిన పెద్ద వయసు స్త్రీలలో దెబ్బ తగలకుండానే అక్కడ సన్నని పగులు వచ్చి, స్కాన్‌లో రెండు నిలువు గీతల మధ్య ఒక అడ్డగీతలా కనిపించవచ్చు. దానిని క్యాన్సర్ అనుకుని భయపడి నిద్రలేని రాత్రులు గడిపినవారిని చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

జవాబు 3 (మంచిర్యాల నుంచి):

మగవారి సంగతి ఒకటి చేరుస్తాను. మా నాన్నకు 72 ఏళ్లు, ప్రొస్టేట్ సమస్య ఉంది. మూత్రం పూర్తిగా పోయించకుండానే ఫొటో తీయడంతో మూత్రాశయం నల్లని ముద్దగా వచ్చి కటి ఎముకలను కప్పేసింది, మళ్లీ తీయించవలసి వచ్చింది. బల్ల ఎక్కే ముందు పెద్దవారిని బాత్‌రూమ్‌కు తీసుకెళ్లడం ఇంటివారే గుర్తుపెట్టుకోవాలి.

జవాబు 1 రాసిన టెక్నాలజిస్టు:

నిజమే. వయసు పెరిగేకొద్దీ కిడ్నీల పని మందగించి మందు శరీరంలోనే మిగిలిపోవడం వల్ల కూడా ముసలివారి ఫొటోలు మసకగా వస్తాయి. అలాంటివారికి మేము ఇంకో గంట ఆగుతాము.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఫిల్మును కిటికీ దగ్గర పట్టి మళ్లీ చూశాను. నుదుటి మీద నలుపు రెండు పక్కలా ఒకేలా ఉంది. అయినా సోమవారం డాక్టరు గారిని కలిసి సీటీ గురించి, త్రికాస్థి గురించి అడుగుతాను, బీడీల సంగతి చీటీలో రాయమంటాను.