అపెండిక్స్ పనికిరాని అవయవమైతే పరిణామక్రమంలో ఎందుకు మిగిలింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. అవశేషావయవాలకు (పూర్వీకులలో పనిచేసి, ఇప్పుడు క్షీణించి మిగిలిన అవయవాలకు) ఉదాహరణగా అపెండిక్స్‌ను చెబుతుండగా పదో తరగతి విద్యార్థిని ఒకరు, "ఉపయోగం లేకపోవడమే కాక, 24 గంటల నొప్పి వచ్చి పగిలితే ప్రాణం తీసే అవయవాన్ని ప్రకృతి వరణం (మనుగడకు అనువైన లక్షణాలే తరతరాలుగా నిలిచే ప్రక్రియ) ఎందుకు తొలగించలేదు?" అని అడిగింది. పైగా అపెండిసైటిస్ అనే ఈ వాపు జబ్బు ఎక్కువగా పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య, అంటే సంతానం కలిగే వయసుకు ముందో, ఆ వయసులోనో వస్తుంది. దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం:
మాస్టారూ, ఆ అమ్మాయి అసలైన చోటే పట్టుకుంది. ఆకులు, పీచు ఎక్కువగా తిన్న పూర్వీకులకు పెద్ద అంధనాళం (పెద్దపేగు మొదట్లోని సంచి) ఉండేదనీ, ఆహారం మారాక అది కుంచించుకుపోగా మిగిలిన కొసే అపెండిక్స్ అనీ డార్విన్ 1871లో భావించారు. అయితే కుందేలుకు పెద్ద అంధనాళమూ ఉంది, అపెండిక్సూ ఉంది. 2017లో 533 క్షీరద జాతులను వంశవృక్షంపై పోల్చి చూసినప్పుడు, ఈ అవయవం వేర్వేరు శాఖలలో 29 నుంచి 41 సార్లు స్వతంత్రంగా ఏర్పడిందనీ, ఏర్పడ్డాక అంతరించినది 12 సార్లకు మించదనీ తేలింది. ఇన్నిసార్లు పుట్టి, ఇంత అరుదుగా పోయేదాన్ని ఉత్త శేషంగా భావించడం కష్టం.

రెండవ సమాధానం:
పై వివరణ అది నిలిచిందని చెబుతుందే గానీ, ఏం చేస్తుందో చెప్పదు. అపెండిక్స్ గోడల నిండా శోషరస కణజాలం, అంటే రోగనిరోధక కణాలు నిండిన కణజాలం ఉంటుంది. పేగులోని సూక్ష్మజీవులను గుర్తించడంలో, ప్రతిరక్షకాలను తయారు చేయడంలో దానికి పాత్ర ఉంది. 2007లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో ప్రతిపాదన చేశారు. అపెండిక్స్ ఒకవైపు మూసుకుపోయిన సన్నని గొట్టం, ఆహార ప్రవాహానికి పక్కగా ఉంటుంది. కనుక కలరా వంటి విరేచనాలు పేగును కడిగేసినప్పుడు, మేలు చేసే బ్యాక్టీరియా అందులో విత్తనాల గాదెలో గింజల్లా మిగిలి, తిరిగి పేగంతా విస్తరిస్తుందని వారి ఊహ. నాకు ఇది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కానీ మనుషులలో దీనికి దొరికిన ఆధారాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి కాబట్టి, తరగతిలో దీన్ని పరికల్పనగానే చెప్పండి.

మూడవ సమాధానం:
విద్యార్థిని సందేహంలోని రెండో సగాన్ని, అంటే ప్రాణం తీసే అవయవం ఎందుకు తొలగిపోలేదన్న దాన్ని, ఎవరూ ముట్టుకోలేదు. రాండాల్ఫ్ నెస్సే, జార్జ్ విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఆసక్తికరమైన తర్కం చూపారు. గొట్టం ఇంకా సన్నబడితే, కొద్దిపాటి వాపుకే మూసుకుపోయి, రక్తప్రసరణ ఆగి, జబ్బు మరింత సులువుగా వస్తుంది. అందువల్ల చిన్నదవుతున్న ప్రతి దశనూ ప్రకృతి వరణమే అడ్డుకుని ఉండవచ్చు. దీనికి నిరూపణ లేదు, కానీ హాని చేసే అవయవం కూడా ఎలా నిలవగలదో ఇది చూపుతుంది. ఇంకొక సంగతి: రక్షణ ఇచ్చే ఆ శోషరస కణజాలమే, అది బాగా వృద్ధి చెంది ఉండే యవ్వనంలో, ఉబ్బి నాళాన్ని మూసివేయడం అపెండిసైటిస్‌కు ఒక కారణం. మేలూ కీడూ ఒకే కణజాలం నుంచి వస్తున్నప్పుడు, ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయడం పరిణామానికి తేలిక కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఎంతో ఉపయోగకరంగా ఉంది, కృతజ్ఞతలు. అయితే అపెండిక్స్‌ను అవశేషావయవాల పట్టిక నుంచి తీసేయాలా? ఉపయోగం ఉందని చెబితే పిల్లలు ఆపరేషన్ అంటే భయపడరా?

రెండవ సమాధానం రాసినవారు:
పట్టికలో ఉంచాలనుకుంటే, అవశేషావయవమంటే పనిలేనిదని అర్థం కాదన్న మాట చేర్చండి. ఒక పనికి క్షీణించిన అవయవం మరో పనికి మిగలవచ్చునని డార్వినే రాశారు. భయం విషయానికొస్తే, అపెండిక్స్ తీసేసినవారు మామూలుగానే జీవిస్తున్నారు, ఎందుకంటే పేగులో శోషరస కణజాలం మరెన్నో చోట్ల ఉంది. పగిలితే కడుపంతా చీము వ్యాపిస్తుంది కాబట్టి, కుడివైపు కింద నొప్పి, జ్వరం, వాంతులు కలిసి వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లాలని కూడా ఆ పాఠంలోనే చెప్పండి.